గుండె ‘చెదరడం’ ఏమిటి? (కీర్తన 147:3)

పర్లాకిమిడి నుంచి:
మా స్త్రీల కూడికలో వచ్చిన ప్రశ్న ఇది. “గుండె చెదరినవారిని ఆయన బాగుచేయువాడు, వారి గాయములు కట్టువాడు” అన్నారు. గుండె పగులుతుంది, విరుగుతుంది. చెదరడం ఎక్కడిది? 34వ కీర్తనలో “విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు” అనే ఉంది కదా.

హీబ్రూలో రెండు చోట్లా ధాతువు ఒకటే, షాబర్, విరగడం. ఇక్కడ మాట మారడానికి కారణం పై వచనం అనుకుంటాను. అందులో యెహోవా యెరూషలేమును కట్టువాడు, చెదరిన ఇశ్రాయేలీయులను పోగుచేయువాడు. ఊరూ చెదిరింది, గుండే చెదిరింది. ఊరు కట్టడమూ, గాయానికి కట్టు కట్టడమూ తెలుగులో ఒకే క్రియ. హీబ్రూలో మొదటిది బానా, రెండోది హాబష్. ఈ పొందిక హీబ్రూలో లేదు, మన భాషలో దక్కింది!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. చినుకు పడితే చాలు, మా వీధిలో ఒకావిడ రేషన్ కార్డు, ఆధార్, పాస్‌బుక్ పాలిథిన్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుని కూర్చుంటుంది. తెల్లార్లూ కన్ను మూయదు. పెద్దవాళ్లు ‘జడుసుకుంది’ అంటారు. డాక్టర్లు ట్రామా అంటారు. చెదిరిందంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది. “విశ్వాసం ఉంటే భయమెందుకమ్మా?” అని ఆవిడ మొహం మీదే అన్నవాళ్లున్నారు. వచనంలో “బాగుచేసెను” అని లేదు, “బాగుచేయువాడు” అని ఉంది. ఆ పని ఇంకా నడుస్తోందన్నమాట.

బరంపురం నుంచి, నర్సు:
సిస్టర్ గారూ, కట్టు సంగతి మమ్మల్ని అడగండి. ఒకసారి కట్టేసి వదిలేస్తే లోపల చీము పడుతుంది. విప్పాలి, కడగాలి, మళ్లీ కట్టాలి. కడిగేటప్పుడు మంట పుడుతుంది కూడా. లూకా సువార్త 10లో, దొంగలు కొట్టి పడేసిన మనిషికి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. అక్కడితో ఆగలేదు. పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి అప్పజెప్పాడు. తన చేతనైనంత చేసి, మిగతాది ఆ పని తెలిసినవాళ్లకి ఇవ్వడం కూడా ప్రేమే. చర్చి మనిషి ఒకరు ఆవిడని వెంటబెట్టుకుని సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్తే బాగుంటుంది. ఆసుపత్రి దాకా వెళ్లలేకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఉంది, ఖర్చు లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

రాయగడ నుంచి:
ఇంకొక్క మాట. ‘గాయములు’ అన్నచోట హీబ్రూలో ఉన్న మాటకి దుఃఖాలు, వేదనలు అనే అర్థం ఉంది. ‘కట్టువాడు’ పక్కన ఉండేసరికి మనవాళ్లు గాయాలన్నారు. అంటే కీర్తనకారుడు దుఃఖానికే కట్టు కట్టించాడు. పైకి కనబడదు కాబట్టి జబ్బు కాదనేవాళ్లకి ఈ వచనం చదివి వినిపించాలి.

జయపురం నుంచి:
అంతా బాగుంది గాని ప్రార్థనని తక్కువ చేస్తున్నారేమో. ప్రార్థనతో నెమ్మది పొందినవాళ్లని నేను కళ్లారా చూశాను.

పర్లాకిమిడి నుంచి:
తక్కువ చేయడం లేదు బ్రదర్. 88వ కీర్తన కూడా ప్రార్థనే, చీకటి అన్న మాట దగ్గరే ముగిసిపోతుంది. అలా ఏడ్చే ప్రార్థనకి మన కూడికల్లో చోటుందా అని నా బాధ. ఏలీయా ప్రవక్త సంగతి చూడండి (1 రాజులు 19). “ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము” అన్నవాడికి దూత ప్రసంగం చేయలేదు. అప్పం, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. “ఏమి చేయుచున్నావు?” అన్న దేవుని ప్రశ్న హోరేబు కొండ చేరాకే వచ్చింది.

రాయగడ నుంచి:
మరి వాడుక భాషలో ఈ వచనం ఎలా చెబుదాం? గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మీది, మీరే మొదలెట్టాలి.

పర్లాకిమిడి నుంచి:
“గుండె చెదిరినవాళ్లని బాగుచేస్తుంటాడు, వాళ్ల గాయాలకి కట్టు కడుతుంటాడు.” ‘చేస్తుంటాడు’ మాత్రం వదులుకోను.

బరంపురం నుంచి, నర్సు:
‘కడుతుంటాడు’ నోరు తిరగట్లేదండీ. ‘కట్టు మారుస్తుంటాడు’ అంటే మా వార్డులో అందరికీ తెలుస్తుంది.