హైదరాబాద్ నుంచి డాలస్: నాన్నకు దుబాయ్ మీదుగా మేలా, లండన్ మీదుగా మేలా?

సెప్టెంబర్‌లో అమ్మానాన్నలు డాలస్‌లో మా అక్క దగ్గరికి వెళ్తున్నారు. నాన్నకు 71, రెండు మోకాళ్ళూ అరిగాయి. గుంటూరు నుంచి హైదరాబాద్‌కి బస్సులో వస్తేనే పాదాలు వాచిపోయి, సాక్సు అంచు పడిన చోట గీత రాత్రిదాకా అలాగే ఉంటుంది.

హైదరాబాద్ నుంచి డాలస్ నేరుగా కొలిస్తే సుమారు 14,400 కి.మీ., కానీ నాన్‌స్టాప్ విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళ్తే మొదటిది 4 గంటల లోపే, రెండోది మాత్రం దాదాపు 13,000 కి.మీ., ఏకబిగిన 16 గంటలు. లండన్ మీదుగా అయితే రెండు విమానాలూ ఇంచుమించు సమానం, ఒక్కోటి పది పదకొండు గంటలు. మొత్తం దూరం చూస్తే రెండు దారులకీ పెద్ద తేడా లేదు, అదే అసలు టెన్షన్.

ట్రావెల్ ఏజెంట్‌ని అడిగితే రెండూ ఒకటే అన్నాడు. డాక్టర్ గారు బిగుతు సాక్సులు రాసి, గంటకో రెండు గంటలకో లేచి నడవమన్నారు గానీ ఏ దారి మంచిదో తేల్చలేదు. కాళ్ళు చాపుకోవచ్చని ఎమర్జెన్సీ ఎగ్జిట్ పక్క సీటు అడిగాను, మోకాళ్ళ సమస్య ఉన్నవాళ్ళకి ఇవ్వరట. నడవ పక్క సీటు, రెండు చోట్లా వీల్‌చైర్ ఎలాగూ పెట్టిస్తాను.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాంట్లో పంపినవాళ్ళు చెప్పండి: ఒకే 16 గంటల ప్రయాణం తట్టుకోవడం తేలికా, మధ్యలో దిగి మళ్ళీ ఎక్కే రెండు పది గంటల ప్రయాణాలు తేలికా?