స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో పీజీ: మైసూరా, హైదరాబాదా, అమెరికానా?

బ్రాడీపేట విద్యార్థిని (ప్రశ్న)

నమస్కారం. మాది గుంటూరు. బీఏఎస్‌ఎల్‌పీలో, అంటే వినికిడి, మాట సమస్యల డిగ్రీలో, మూడేళ్ళ తరగతులు పూర్తి చేసి ఇప్పుడు నాలుగో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. పీజీలో వినికిడి వైపు కాకుండా మాట, భాష, మింగుడు సమస్యల వైపు వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. అందుకు కారణం మా తాతయ్యగారు. పక్షవాతం వచ్చిన తరువాత ఎదుటివారు చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది గాని, మంచినీళ్ళు అడగబోయి మజ్జిగ అనేవారు, అన్నది తప్పని తనకే తెలిసి తల తిప్పుకునేవారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. అటువంటివారికి చికిత్స చేసేవారు ఉంటారని కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ప్రవేశ పరీక్ష రాసి ఎంఎస్సీ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో చేరడం. రెండవది హైదరాబాద్ వైపు ఒక ప్రైవేటు సంస్థలో వినికిడి, మాట రెండూ కలిపి చెప్పే ఎంఏఎస్‌ఎల్‌పీ. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇల్లు చేరవచ్చునని అమ్మ ఇష్టమంతా దీనిమీదే ఉంది. మూడవది అమెరికాలో మాస్టర్స్. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడ ఉన్నందువల్ల నాన్నగారు దీనివైపు మొగ్గుతున్నారు, 45 లక్షల వరకు అప్పు చేయడానికి కూడా సిద్ధపడుతున్నారు.

నా భయం వేరు. ఇప్పుడు నేను ఇంటర్న్‌షిప్ చేస్తున్న చోట పది మందికి ఒక్కరే పర్యవేక్షకులు. మేము పిల్లలతో ఏం చేస్తున్నామో ఆమె వారానికి ఒకసారి కూడా చూడలేరు, సాయంత్రం రికార్డుల మీద సంతకాలు చేసి వెళ్ళిపోతారు. పీజీలో కూడా ఇదే జరిగితే రెండేళ్ళు పోతాయి తప్ప చేతికి పని రాదు. రెండూ కలిసిన కోర్సు మేలా, విడిగా ఉన్నది మేలా? తెలుగు రోగులతో పని చేయాలనుకునే నాకు మైసూరులో కన్నడం అడ్డమవుతుందా? అమెరికా చదువు అప్పుకు తగిన ఫలం ఇస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సూర్యారావుపేట థెరపిస్టు

అమ్మా, పదహారేళ్ళుగా విజయవాడలో ఇదే పని చేస్తున్నాను కనుక కొంత చనువుగా చెబుతున్నాను.

ముందుగా కాగితాల సంగతి. 1992 నాటి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం ఆర్‌సీఐ రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తి చేయకూడదు. ఆ మండలి అనుమతి సంస్థకు కాదు, ఒక్కొక్క కోర్సుకు వేరుగా, ఇన్ని సీట్లకని ఇస్తుంది. ఒక కళాశాలలో బీఏఎస్‌ఎల్‌పీకి అనుమతి ఉన్నంత మాత్రాన అక్కడి పీజీకి కూడా ఉన్నట్లు కాదు. మీరు చేరబోయే సంవత్సరానికి, మీరు చేరబోయే కోర్సుకు అనుమతి ఉన్నదో లేదో మండలి వెబ్‌సైటులో మీ కళ్ళతో చూసుకోండి, ప్రవేశాల గదిలో చెప్పిన మాట మీద ఫీజు కట్టకండి.

ఇక రెండూ కలిసిన కోర్సా, విడి కోర్సా అన్నారు. "రెండూ ఉంటే ఉద్యోగం తొందరగా వస్తుంది" అని అందరూ అంటారు. మన ఊళ్ళలో చిన్న క్లినిక్ పెట్టినవారు వినికిడి పరీక్షలూ చేయాలి, థెరపీ కూడా చేయాలి కనుక ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆడియోమీటరు ముందు కూర్చునే అర్హత మీకు బీఏఎస్‌ఎల్‌పీతోనే వచ్చింది, ఎంఎస్సీ ఒకే వైపు చేస్తే అది ఎక్కడికీ పోదు. పక్షవాతం రోగులతో పని చేయాలన్న గురి మీకు ఇప్పటికే ఉన్నప్పుడు, ఉన్న రెండేళ్ళలో సగాన్ని శ్రవణ యంత్రాలకు ఇవ్వడం ఎందుకన్నది నా అభిప్రాయం. గురి ఇంకా కుదరనివారికైతే కలిసిన కోర్సే చెబుతాను.

మీ అసలు ప్రశ్న పర్యవేక్షణ గురించి. మీరు భయమన్నారు గాని, సంస్థను ఎంచుకోవడానికి అంతకంటే మంచి కొలమానం నాకు తెలియదు. ర్యాంకులు, భవనాలు, ప్రయోగశాల ఫొటోలు పక్కన పెట్టి, అక్కడ రెండో సంవత్సరం చదువుతున్నవారిని ఇద్దరు ముగ్గురిని పట్టుకుని అడగండి: మాట పోయిన పెద్దవారిని ఎంతమందిని మొదటి రోజు నుంచి నెలల తరబడి మీరే చూశారు? మీరు థెరపీ చేస్తున్నప్పుడు గదిలోనో, అద్దం వెనకనో గురువు ఎంతసేపు కూర్చున్నారు? ముక్కులోంచి సన్నని కెమెరా పంపి మింగుడు చూసే పరీక్షలో మీరు పక్కన నిలబడ్డారా, లేక పుస్తకంలో బొమ్మ చూశారా? జవాబు చెప్పేముందు వాళ్ళు ఎంతసేపు ఆలోచించారో కూడా గమనించండి.

మైసూరు సంస్థ 1965లో ఏర్పడింది, కేంద్ర ఆరోగ్య శాఖ కింద మానసగంగోత్రిలో ఉంది. నత్తికి, గొంతుకు, మింగుడు సమస్యలకు అక్కడ విడివిడిగా విభాగాలు ఉన్నాయి, గ్రంథాలయం సంగతి చెప్పనక్కరలేదు. ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ 1983 నాటిది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. అయితే వాక్ శ్రవణ సంస్థకూ, పెద్ద ఆసుపత్రి లోపల నడిచే విభాగానికీ ఒక తేడా ఉంది. పక్షవాతం వచ్చిన మొదటి వారంలో మనిషి న్యూరాలజీ వార్డులో పడుకుని ఉంటాడు, గుటక వేస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయేమోనని ముక్కుకు గొట్టం వేసి ఉంటారు. ఆ మంచం పక్కకు వెళ్ళే అవకాశం ఆసుపత్రి ఉన్న చోటే ఎక్కువ. నడవగలిగాక, అదీ ఇంటివారు తీసుకువస్తేనే, అతడు వాక్ శ్రవణ సంస్థకు వస్తాడు. అందువల్ల మీ జాబితాలో చెన్నై పోరూరులోని శ్రీరామచంద్రను కూడా చేర్చుకోమంటాను. విశ్వవిద్యాలయం, ఆసుపత్రి ఒకే ఆవరణలో ఉంటాయి, గ్రహణం మొర్రి పిల్లల మాటపై అక్కడ చాలాకాలంగా పని జరుగుతోంది. మైసూరుకు వెళ్ళదలిస్తే, విద్యార్థులను ఏ ఆసుపత్రి వార్డులకు, ఎన్ని వారాలు పంపుతారో కనుక్కోండి.

కన్నడం గురించి బెంగపడకండి. మాట కోల్పోయినవారు ఎక్కడ తడబడతారో మీకు తెలుసు. "గుంటూరు నుంచి వచ్చాను" అనవలసినవారు "గుంటూరు... రా..." అని ఆగిపోతారు, విభక్తులూ క్రియ చివర ప్రత్యయాలూ జారిపోతాయి. కన్నడంలో కూడా మాట కట్టుబడి ఇలాగే ఉంటుంది కనుక, అక్కడ కన్నడ రోగితో నేర్చిన ఉపాయం ఇక్కడ కొద్ది మార్పుతో పనికొస్తుంది. ఇంగ్లీషు రోగితో నేర్చినది అంత సులభంగా దిగదు. అయితే తెలుగు పరికరాల కొరత మాత్రం మీరు ఎక్కడ చదివినా తప్పదు. నేను పిల్లలకు బొమ్మలు చూపి ఉచ్చారణ పరీక్షించేటప్పుడు, సీతాకోకచిలుక అంటే స, చ, ళ లాంటి ధ్వనుల్లో రెండైనా దొరుకుతాయని ఆ బొమ్మ పెడితే, ఇంగ్లీషు మీడియం పిల్లలంతా "బటర్‌ఫ్లై" అంటున్నారు. పరీక్ష మొత్తం మళ్ళీ తయారు చేసుకోవలసి వచ్చింది. మీ డిసర్టేషన్‌ను తెలుగు మీద చేయనిచ్చే మార్గదర్శి ఉన్నారో లేదో చేరకముందే తెలుసుకోండి. ఈ రంగంలో మన ప్రాంతం పేదదేమీ కాదు: హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే రోగులు గుంటూరులో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

తెనాలి నుంచి డాలస్

అమెరికాలో చదివి, ప్రస్తుతం ఒక పాఠశాలలో పని చేస్తున్నాను కనుక ఆ మూడో దారి గురించి మాత్రం రాస్తాను.

పర్యవేక్షణ విషయంలో ఇక్కడి పద్ధతి మీకు నచ్చుతుంది. ఆషా అని పిలిచే వృత్తి సంఘం ధ్రువపత్రానికి 400 గంటల క్లినికల్ పని కావాలి. అందులో 25 గంటలు చూసి నేర్చుకునేవి, మిగిలిన 375 స్వయంగా చేసేవి. ఒక్కొక్క రోగితో విద్యార్థి గడిపే సమయంలో కనీసం నాలుగో వంతు పర్యవేక్షకులు ప్రత్యక్షంగా చూడాలన్నది నియమం. మొదటి సెమిస్టరులో ఎవరో చూస్తున్నారన్న స్పృహతో నాకు చెమటలు పట్టేవి, తరువాత ఆ చూపు లేకపోతే వెలితిగా అనిపించేది.

అయితే డిగ్రీ చేతికి వచ్చిన రోజునే పని పూర్తి కాదు. ప్రాక్సిస్ పరీక్షలో 162 రావాలి, తరువాత పూర్తికాలం పని చేస్తే 36 వారాలు పట్టే 1260 గంటల ఫెలోషిప్, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఉద్యోగం, చేయాలి, పని చేయదలచిన రాష్ట్రం లైసెన్సు కూడా తీసుకోవాలి. మన కంప్యూటర్ పిల్లలకు చదువు తరువాత అక్కడే పని చేసుకోవడానికి దొరికే మూడేళ్ళ వెసులుబాటు మన కోర్సుకు లేదు, ఒక్క ఏడాదే. ఫెలోషిప్ ఆ ఏడాదిలోనే ఇమిడిపోతుంది గాని, ఆ తరువాత ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. 45 లక్షల అప్పు ఆ లాటరీ మీద నిలబడి ఉంటుందని నాన్నగారికి విడమరచి చెప్పండి. మా అన్నయ్య సాఫ్ట్‌వేర్ లెక్కలను నా కోర్సుకు వర్తింపజేయడం వల్ల మా ఇంట్లో పెద్ద గందరగోళమే జరిగింది.

ఇంకొకటి. నేను ఇక్కడ రోజంతా "థ" ధ్వని పలకలేని అమెరికన్ పిల్లలతో, వారి విద్యా ప్రణాళికల కాగితాలతో గడుపుతాను. పని మీద నాకు ఇష్టమే. కాని ఏడేళ్ళలో ఒక్క తెలుగు పెద్దాయనకు కూడా థెరపీ చేయలేదు. మీ తాతయ్యగారిలాంటివారి కోసమే చదువుతున్నానంటున్నారు కాబట్టి ఈ సంగతి దాచకుండా చెప్పాలనిపించింది. వచ్చేటట్లయితే ఆషాకు చెందిన సీఏఏ అనే మండలి గుర్తింపు ఉన్న కోర్సులో మాత్రమే చేరండి, అది లేని డిగ్రీతో ధ్రువపత్రానికి దారి దొరకదు.

పటమట నాన్న

నేను ఈ వృత్తిలోని వాడిని కాను. మా బాబుకు వినికిడి కోసం చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ వేయించి నాలుగేళ్ళయింది, ఇద్దరు థెరపిస్టుల దగ్గరకు తిరిగాము. మొదటివారు బాగా చదువుకున్నవారే. వారానికి రెండుసార్లు తలుపు వేసుకుని గంటసేపు బాబుతో కార్డుల ఆట ఆడించి పంపేవారు, మేము బయట కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. రెండవ ఆమె మా అమ్మను లోపల కూర్చోబెట్టుకుని, పప్పు కడిగేటప్పుడు, కూర తరిగేటప్పుడు బాబుతో ఏ మాట ఎలా అనాలో, ఎక్కడ ఆగి వాడి జవాబు కోసం ఎదురుచూడాలో నేర్పారు. మా అమ్మకు అక్షరాలు రావు, అయినా రోజుకు ఆరుగంటల థెరపీ ఆవిడే చేసింది. ఇంటివారికి నేర్పడం ఎలాగో కూడా మీ పీజీలో నేర్పుతారేమో అడిగి చూడండి తల్లీ. పెద్దవాళ్ళ విషయంలోనూ తేడా ఉండదనుకుంటాను.

బ్రాడీపేట విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. లాటరీ మాట దగ్గర ఆయన రెండోసారి చదవమన్నారు, అమెరికా సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాము. హైదరాబాద్ సంస్థలో రెండో ఏడాది చదువుతున్న ఒక అక్కతో మాట్లాడాను. మాట పోయిన పెద్దవారిని ఎంతమందిని చూశారని అడిగితే, చాలాసేపు ఆగి "ఇద్దరు" అన్నారు. మైసూరు ప్రవేశ పరీక్ష ఎలాగూ రాస్తాను. వచ్చే వారం తెనాలిలో పినాకిని ఎక్కి చెన్నై వెళ్ళి చూసి రావాలనుకుంటున్నాను. సూర్యారావుపేట మేడమ్‌గారూ, అక్కడ ముఖ్యంగా ఏం చూడమంటారు?

సూర్యారావుపేట థెరపిస్టు

పినాకిని చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, పోరూరు వెళ్ళేసరికి వార్డులు నిద్రలో ఉంటాయి. ముందు రోజే వెళ్ళి ఎవరింట్లోనైనా ఉండి, ముందుగా విభాగానికి ఉత్తరం రాసి అనుమతి తీసుకుని, ఉదయం న్యూరాలజీ వార్డు వైపు వెళ్ళండి. తెల్ల కోటు వేసుకున్న పీజీ విద్యార్థి ఎవరైనా మంచం పక్కన చెంచా పట్టుకుని రోగికి గుక్క గుక్కగా నీళ్ళు పట్టిస్తూ గొంతు మీద వేలు పెట్టి చూస్తుంటే, వెనక గురువు నిలబడి ఉన్నారో లేదో చూసి నాకు రాయండి.