అప్‌డేట్: పర్లాకిమిడిలో బయోడీజిల్ డ్రమ్ము తయారైంది

గ్యాస్ పొయ్యి మీద అల్యూమినియం గిన్నె పెట్టి, వాడేసిన వంట నూనెలో మిథనాల్ (తేలిగ్గా అంటుకునే ఒక రకం ఆల్కహాల్), కాస్టిక్ సోడా కలిపి బయోడీజిల్ చేయొచ్చా అని ఇదివరకు అడిగాను. వద్దని గట్టిగా చెప్పిన అందరికీ దండాలు.

అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేసి హైడ్రోజన్ పుట్టిస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. జీఐ పైపులకుండే జింకు పూతదీ అదే కథ. అందుకే స్టీలు డ్రమ్ము కొని, మూత బిగించి, ఆవిరి గొట్టాన్ని రేకుల పైకి తీశాను. మామూలు మోటారులో నిప్పురవ్వలు వస్తాయని చేత్తో తిప్పే పిడి పెట్టించాను. వెల్డింగ్ అతను రెండుసార్లు సీలు మార్చాడు, పాపం.

పొయ్యి ఇప్పుడు పెరట్లో ఆ చివర ఉంది. నూనె అక్కడే 55 డిగ్రీలకు కాచి తెస్తాను. మిథనాల్ 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, పగటి వెలుగులో దాని మంట కంటికి సరిగా ఆనదు కూడా. నాకు అసలు టెన్షన్ అదే. పిల్లల్ని అటు రానివ్వను. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా కాస్టిక్ డబ్బా మూత తీయను.

మొదటిసారి అంతా సబ్బైపోయింది. బజ్జీల బండి నూనెలో నీళ్లున్నాయి. రెండోసారి ముందుగా నూనెను 110 డిగ్రీల దాకా కాచి, నీరు పోయాక చల్లార్చాను. 10 లీటర్ల నూనెకు 2 లీటర్ల మిథనాల్ పట్టింది. తెల్లారేసరికి అడుగున గ్లిజరిన్ చిక్కగా దిగింది, పైన తేనె రంగు ఇంధనం! చాలా సంతోషమేసింది. ఇంకా నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఆ తర్వాతే పొలం ఇంజన్‌లో పోస్తాను.