స్పిరిచ్యువల్స్ పాడే కాలేజీ బృందం: చప్పట్లు, శ్రుతి నిలవడం లేదు

ప్రశ్న (అనంతపురం): అమ్మాయిలు 15, అబ్బాయిలు 9. ఆరుబయట 20 నిమిషాలు అమెరికా నల్లజాతీయుల స్పిరిచ్యువల్స్ (బానిసత్వ కాలపు భక్తి గీతాలు) పాడాలి, వాయిద్యాలు లేకుండా. చప్పట్లు మొదలవగానే పాట పరుగెత్తుతోంది. చివరికి శ్రుతి అర మెట్టు దిగుతోంది. ఏం చేయాలి? మైకులు ఎన్ని పెట్టాలి?

జవాబు 1: చెక్కభజన అలవాటున్న పిల్లలైతే పరుగు సహజమే అన్నా. మనం పాట సాగేకొద్దీ వేగం పెంచుతాం, దెబ్బ మొదటి అక్షరం మీద వేస్తాం. ఇక్కడ నాలుగు లెక్కల్లో చప్పట్లు 2, 4 మీద పడాలి. 1కి ఎడమ కాలు, 2కి చప్పట్లు, 3కి కుడి కాలు, 4కి చప్పట్లు. మెట్రోనోమ్ (లయ కోసం టిక్కుమనే పరికరం) నిమిషానికి 72 దెబ్బల మీద పెట్టి, వారం రోజులు పాట లేకుండా ఇదే చేయించండి. కాలు ఆగితే చప్పట్లు ముందుకు జారతాయి, అందుకే కాలు ముఖ్యం.

ఇంకోటి. భజనలో గురువు అన్నదే తిరిగి అంటాం. ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ చూడండి: ముందు పాడేవాళ్ల మాట మారుతుంది, బృందం జవాబు మారదు. ఆ జవాబు పూర్తయ్యేలోపే తర్వాతి మాట ఎత్తుకోవచ్చు. ఆ అల్లికే ఈ పాటలకు ప్రాణం, దాన్ని వదులుకోవద్దు.

జవాబు 2: పాటను నాలుగు గొంతుల వరుసలుగా విడదీయొద్దు. ఆ వయసు అబ్బాయిల్లో ఎక్కువమందివి మధ్యస్థాయి గొంతులు. టెనర్ (మగవాళ్ల పై గొంతు) పాడించబోతే గొంతు బిగిసి శ్రుతి దిగుతుంది. అమ్మాయిల్లో సొప్రానో (పై గొంతు) 8, ఆల్టో (కింది గొంతు) 7, అబ్బాయిలంతా ఒకే వరుస. పాట పంక్తి చివర ఊపిరి అయిపోయినా శ్రుతి జారుతుంది. పొడుగు స్వరాల దగ్గర పక్కపక్కవాళ్లు వేర్వేరు చోట్ల ఊపిరి తీసుకోవాలి. సాధనలో ప్రతి చరణం తర్వాత కీబోర్డుతో శ్రుతి సరిచూడండి.

జవాబు 3: బృందానికి కండెన్సర్ మైకులు (కాస్త దూరం నుంచీ శబ్దం పట్టే రకం) రెండు, ముందు వరుసకు మీటరున్నర దూరంలో, వెనక వరుస తలల ఎత్తుకు కొంచెం పైన. ముందు పాడేవాళ్లకు ఒకటి. గాలికి స్పాంజి తొడుగులు తప్పనిసరి. స్పీకర్లు మైకుల కన్నా ముందుండాలి, లేదంటే కూత పెడతాయి. మైక్‌సెట్ అబ్బాయికి ఎకో వద్దని ముందే చెప్పండి, మాటలన్నీ ముద్దయిపోతాయి.

జవాబు 4: ఇవి బానిసత్వంలో పుట్టిన పాటలు. పాడేముందు తెలుగులో రెండు మాటలు చెప్పండి: 1871లో అమెరికాలోని నాష్‌విల్‌లో నల్లజాతీయుల ఫిస్క్ విశ్వవిద్యాలయం అప్పుల్లో ఉన్నప్పుడు అక్కడి విద్యార్థులే ఊరూరా పాడి డబ్బు తెచ్చారు, అక్కడి జూబిలీ హాల్ భవనం ఆ డబ్బుతోనే కట్టారు. గాస్పెల్ (నల్లజాతీయుల చర్చి పాటల్లో తర్వాతి రకం) వేరు, 1930లలో షికాగోలో థామస్ డోర్సీ వంటివాళ్లు పెంచింది. రెండూ ఒకటేనని ప్రకటించవద్దు. నల్లజాతీయుల యాసను అనుకరించకండి, ముఖానికి నల్లరంగు అసలే వద్దు. పాత పాటలకు హక్కుల బెడద లేదు. కొత్తగా ఎవరైనా స్వరపరిచిన రూపం వాడితే మాత్రం అనుమతి తీసుకోండి.