హాస్టల్లో మూత్ర పరీక్ష: కిట్ నెగటివ్ అంటే నమ్మొచ్చా?

అల్లూరు_నాన్న:
మావాడు నెల్లూరులో హాస్టల్లో ఉన్నాడు. గంజాయి గొడవ పెరిగిందని నెలకోసారి అందరికీ యూరిన్ టెస్ట్ చేస్తామంటూ యాజమాన్యం కాగితం పంపింది. నేను సంతకం పెట్టేశాను. తప్పా?

కందుకూరు_మామ:
పెట్టండన్నా, కానీ నెగటివ్ వచ్చిందని నిబ్బరంగా ఉండొద్దు. మా అక్క కొడుకు మూడు రాత్రులు కన్ను మూయలేదు. గోడ అవతల ఎవరో తిడుతున్నారని, అన్నంలో ఏదో కలిపారని ఒకటే కేకలు. ఆస్పత్రిలో కిట్ పెడితే గంజాయి నెగటివ్. గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించాం. వారం తర్వాత వాడి స్నేహితుడు నోరు విప్పాడు: పీల్చింది గంజాయి కాదు, మత్తు మందు చల్లిన ఆకు.

ఒంగోలు_ల్యాబ్:
ఆ కిట్ వెతికేది గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ ఒంట్లో మారాక మిగిలే పదార్థాన్ని. మీవాడు పీల్చిన ఆకు మీద చల్లేది సింథటిక్, అంటే గంజాయి మత్తు కోసం ల్యాబ్‌లో తయారుచేసిన మందు. అవి వేరే అణువులు, కిట్‌కి చిక్కవు. 2008లో జర్మనీలో స్పైస్ అనే పేరుతో అమ్మే ఆకు పొట్లాల్లో జేడబ్ల్యూహెచ్-018 అనే ఇలాంటి మందు బయటపడింది. అప్పట్నుంచి ఒకటి నిషేధిస్తే అణువు కాస్త మార్చి ఇంకోటి దించుతున్నారు. వీటిని ఎల్‌సీ-ఎంఎస్ మెషిన్ మీద, అంటే పదార్థాల్ని విడదీసి అణువు బరువుని బట్టి గుర్తుపట్టే పెద్ద ల్యాబ్ మెషిన్ మీద చూడాలి. మూత్రంలో అసలు మందు దాదాపు దొరకదు, అది విరిగిన ముక్కల్నే పట్టాలి. కొత్త రకం ముక్కల వివరం ల్యాబ్ దగ్గర లేకపోతే అదీ దాటిపోవచ్చు.

అల్లూరు_నాన్న:
ఎంతైనా గంజాయి లాంటిదే కదా?

ఒంగోలు_ల్యాబ్:
కాదు సార్. మెదడులో ఈ మత్తు పట్టే స్విచ్ లాంటిది ఒకటుంది, సీబీ1 రిసెప్టర్ అంటారు. దాన్ని టీహెచ్‌సీ కొంతవరకే కదిలిస్తుంది, ఈ సింథటిక్‌లలో చాలావరకు పూర్తిగా కదిలించేస్తాయి. పైగా ఆకు మీద మందు సమంగా పడదు, ఒకే పొట్లంలో ఒక చిటికె చప్పగా, ఇంకో చిటికె ప్రాణం మీదకి. 2016 జూలైలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఇలాంటిదే పీల్చి ఒక్కరోజే 33 మంది శవాల్లా నిలబడిపోయారు. పిచ్చి భ్రమలే కాదు, మూర్ఛ రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

కావలి_మాస్టారు:
అయినా టెస్ట్ ఉంటే పిల్లలకి భయం ఉంటుంది. అసలు వద్దంటే ఎట్లా?

కందుకూరు_మామ:
ఆ భయమే మా కొంప ముంచింది మాస్టారూ. కిట్‌కి దొరకదనే మావాడు దీనికి మారాడు!

నెల్లూరు_ప్లీడర్:
పాజిటివ్ వచ్చినా తొందరపడకూడదు. గ్యాస్‌కి వేసుకునే పాంటోప్రజోల్ మాత్రతో కూడా గంజాయి ఉన్నట్టు తప్పుగా చూపించొచ్చు. ఆ ఒక్క గీత చూసి పిల్లాణ్ణి బయటికి పంపితే? ల్యాబ్‌లో రెండో టెస్ట్ చేయిస్తామని రాసివ్వమనండి.

కావలి_మాస్టారు:
ఆ ఖర్చు ఏ హాస్టల్ పెట్టుకుంటుందండీ? కిట్‌తోనే సరిపెడతారు. లేనిదానికన్నా అదే నయం.

అల్లూరు_నాన్న:
మా కాగితంలో రెండో టెస్ట్ ఊసే లేదు. రేపు వార్డెన్‌కి ఫోన్ చేస్తా. మామగారూ, ఇప్పుడు అబ్బాయి ఎట్లా ఉన్నాడు?

కందుకూరు_మామ:
మందులు వాడుతున్నాడు. నిద్ర పడుతోంది. గోడ వైపు మాత్రం ఇంకా చూస్తుంటాడు.