గే హెడ్ లైట్‌హౌస్ దగ్గర అమ్మ నడవగలదా?

వచ్చే నెల రెండో శనివారం అమ్మానాన్నలతో బోస్టన్ నుంచి మార్తాస్ వైన్‌యార్డ్ ద్వీపానికి వెళ్తున్నాం. 1856లో కట్టిన గే హెడ్ లైట్‌హౌస్ చూడాలని నాన్నగారి కోరిక. అంచు కోసుకుపోయి కొండచరియ 46 అడుగుల దూరంలోకి వచ్చేస్తే, 2015లో 400 టన్నుల ఆ ఇటుక కట్టడాన్ని పట్టాల మీద 129 అడుగులు వెనక్కి జరిపారు. అది వినడానికే ఒళ్ళు గగుర్పొడుస్తుంది!

వుడ్స్ హోల్ ఫెర్రీలో కారుకు చోటు దొరకలేదు, మూడుసార్లు ప్రయత్నించాను. అందుకే దిగాక బస్సులో వెళ్దామనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి. చేతికర్రతో పది నిమిషాలు నడవగలదు, మెట్లు మాత్రం ఎక్కలేదు. పైకి ఎక్కకపోయినా కింద నిలబడి చూస్తే చాలంటోంది.

ఉపగ్రహ మ్యాపులో దారి కనిపిస్తోంది కానీ ఎత్తుపల్లాలు తెలియడం లేదు. ఫొటోలన్నీ సూర్యాస్తమయానివే. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. టెన్షన్‌గా ఉంది.

పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి: అక్కడి బస్టాపు నుంచి లైట్‌హౌస్ కింది దాకా మెట్లు లేని దారి ఉందా, నెమ్మదిగా నడిస్తే ఎన్ని నిమిషాలు పడుతుంది?