వార్తలపై వ్యాఖ్యానించమని అడిగినప్పుడు పరిశోధకుల హద్దు ఏది?

ప్రశ్న: వలసల పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. నేను విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధిస్తూ, తొమ్మిదేళ్లుగా కార్మిక వలసలపై పరిశోధన చేస్తున్నాను. కొంతకాలం క్రితం ఒకచోట ఘర్షణ జరిగిన రోజు సాయంత్రం ఒక టీవీ ఛానెల్ వారు ఫోన్ చేసి, గంటలోపు బైట్ (వార్తలో వేసే చిన్న మాట ముక్క) కావాలన్నారు. పన్నెండు నిమిషాలు మాట్లాడాను. పనుల కోసం వలస వచ్చినవారికీ స్థానికులకూ మధ్య పోటీ ఉన్న మాట నిజమేనని, అయితే నేను చూసిన చోట్ల ఆ పోటీ గొడవలదాకా వెళ్లింది ఇంటి అద్దెలు లేదా కూలి రేట్లు ఉన్నట్టుండి మారినప్పుడేనని, ఈ ఘటనకు కారణం అదో కాదో ఇప్పుడే చెప్పలేమని వివరించాను. ప్రసారమైంది మాత్రం "పోటీ ఉన్న మాట నిజమే" అన్న ముక్క ఒక్కటే. మర్నాడు, నా పరిశోధన కోసం రెండేళ్లపాటు ఓపికగా మాట్లాడిన ఒక వలస కార్మికురాలు ఫోన్ చేసి, "మేడమ్, మీరు కూడా అలాగే అన్నారేమిటి?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

ఇలాంటి పిలుపులకు ఇకపై మర్యాదగా వద్దనడమే మంచిదా? ఒప్పుకుంటే ఏ షరతుల మీద ఒప్పుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: విశ్రాంత ఆచార్యుడు

అమ్మా, మీ బాధ అర్థమైంది. అయినా మౌనం మంచిదని నేను అనను. మన రంగంలో మౌనాన్ని సమర్థించడానికి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వేబర్ పేరు చెబుతుంటారు. 1917లో మ్యూనిక్‌లో చేసిన ప్రసంగంలో ఆయన అభ్యంతరం చెప్పింది తరగతి గదిలో చేసే రాజకీయ బోధకు, ఎందుకంటే అక్కడ విద్యార్థి ఎదురు చెప్పలేడు. ఎదురు చెప్పే వీలున్న బహిరంగ వేదిక మీద మాట్లాడటాన్ని ఆయన తప్పుపట్టలేదు సరికదా, తానే పత్రికలకు వ్యాసాలు రాశారు.

మనం చేయగలిగిన అతి ముఖ్యమైన పని, నా దృష్టిలో, తొందరపాటు తీర్మానాన్ని ఆపడం. 1950లో సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్ అమెరికా 1930 జనగణన లెక్కలను పరిశీలించారు. రాష్ట్రాలవారీగా చూస్తే, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనిపించింది; సహసంబంధం (రెండు విషయాలు కలిసి పెరిగితే ప్లస్, ఒకటి పెరిగితే మరొకటి తగ్గితే మైనస్ వచ్చే అంకె) దాదాపు మైనస్ 0.53. ఆ అంకె ఒక్కటే పట్టుకుంటే, వలస వచ్చినవారే ఎక్కువ చదువుకున్నారని అనుకుంటాం. వ్యక్తులవారీగా లెక్కిస్తే అదే ప్లస్ 0.12గా తేలింది, అంటే నిరక్షరాస్యత కాస్త ఎక్కువగా ఉన్నది వలస వచ్చినవారిలోనే. వారు ఎక్కువగా స్థిరపడింది అక్కడివారిలో అక్షరాస్యత బాగా ఉన్న రాష్ట్రాల్లో కావడంతో లెక్క తలకిందులుగా కనబడింది. ఎన్నికల ఫలితాల రాత్రి నియోజకవర్గాల అంకెలు చూపి "ఫలానా వర్గం ఫలానా పార్టీకి వేసింది" అని స్టూడియోలో తేల్చేసేటప్పుడు జరిగేది ఇదే పొరపాటు. "ఈ లెక్కలతో ఆ మాట అనలేమండీ" అని ఆ రాత్రే చెప్పేవారు ఒకరైనా ఉండాలి. ఆరు నెలల తర్వాత జర్నల్‌లో రాస్తే, ఆ తప్పుడు మాట విన్నవారికి అది చేరదు.

సమాధానం: వార్తల డెస్క్‌లో పనిచేసే వ్యక్తి

మేడమ్, కత్తెర పట్టే వైపు నుంచి రాస్తున్నాను. మీ మాటలను కోసిన వ్యక్తికి దురుద్దేశం ఉండి ఉండకపోవచ్చు. మీరు ఇచ్చింది పన్నెండు నిమిషాలు, అతని దగ్గరున్న వ్యవధి కొన్ని సెకన్లు. "నిజమే, అయితే" అని నడిచే మాటలో కత్తెర సరిగ్గా "అయితే" ముందు పడుతుంది. అందుకని షరతును వాక్యం మొదట్లోనే పెట్టండి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కనుక ఇది మనకు మరీ తేలిక. "అద్దెలు, కూలి రేట్లు ఉన్నట్టుండి మారిన చోట్ల మాత్రమే ఈ పోటీ గొడవలకు దారితీసింది" అన్నారనుకోండి, మధ్యలో ఆపితే మాట పూర్తికాదు, మొదలు తీసేస్తే గొంతు ఎత్తుగడ మధ్యలో అందుకున్నట్టు వినేవారికి తెలిసిపోతుంది. మొత్తం ఉంచక తప్పదు.

వీలైతే మూడు వాక్యాలు రాసి పంపండి, లేదా ప్రత్యక్ష ప్రసారానికి ఒప్పుకోండి. మీ మాటల్లో ఏవి వాడుతున్నారో చదివి వినిపించమని అడగడంలో తప్పు లేదు. కథనం మొత్తం ముందుగా చూపమంటే మాత్రం సాధారణంగా ఒప్పుకోరు.

సమాధానం: రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు

ఆచార్యులవారి మాటతో ఏకీభవిస్తాను, కానీ మనల్ని పిలిచేది తీర్మానాలను ఆపడానికి కాదు. యాంకర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "తర్వాత ఏం జరుగుతుంది?" అన్నది. అసలు ప్రమాదం అక్కడే ఉందని నేను నమ్ముతాను. మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ 284 మంది నిపుణుల అంచనాలను దాదాపు ఇరవయ్యేళ్లపాటు సేకరించి, 2005లో ఫలితాలు ప్రచురించారు. మీడియాలో పేరున్నవారి అంచనాలు పెద్దగా పేరులేనివారి అంచనాలకన్నా తక్కువగా ఫలించాయి. ఒకే పెద్ద సిద్ధాంతంతో అన్నింటినీ వివరించేవారికన్నా, తటపటాయిస్తూ పలు కోణాలు చూసేవారే కాస్త మెరుగనిపించుకున్నారు. స్టూడియోకు నచ్చేది మొదటి రకం కనుక ఈ లోపం దానంతట అది సరికాదు.

నేను జోస్యం చెప్పడం మానేశాను. "ఇంతకుముందు ఇలాంటి సందర్భాల్లో ఏం జరిగిందో చెప్పగలను" అంటాను. కొందరు అప్పుడే ఫోన్ పెట్టేస్తారు, పెట్టేయనివ్వండి. మరొకటి, మాట్లాడేది విశ్వవిద్యాలయం తరఫున కాదని ప్రతిసారీ స్పష్టం చేయండి. అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం 1940 నాటి ప్రకటన, అధ్యాపకులు పౌరులుగా మాట్లాడినప్పుడు సంస్థ వారిపై చర్య తీసుకోరాదంటూనే, కచ్చితత్వం, సంయమనం పాటించాలని, సంస్థ తరఫున మాట్లాడటం లేదని తెలియజేయాలని చెబుతుంది. ఆ రెండూ కలిసి ఉండటం నాకు సబబుగా అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. డెస్క్ నుంచి రాసినవారు చెప్పినట్టు ఆ బైట్‌ను తిరగరాసి, గడియారం పెట్టుకుని పైకి చదివాను; పది సెకన్లు కూడా పట్టలేదు. నిన్న ఆమెకు ఫోన్ చేసి, నేను అసలు చెప్పినదేమిటో వివరించి, ఈ వాక్యం వినిపించాను. ఆమె కాసేపు ఆగి, "అద్దె సంగతి నిజమే మేడమ్, కానీ ముందు పెరిగింది మాకే" అంది. ఆ వివరం నా నోట్సులో ఉంది, నా వాక్యంలో లేదు. మళ్లీ రాస్తున్నాను.